ఉమ్రా నుంచి వస్తూ దుబాయ్‌లో మనం చేస్తున్నదేమిటి?

ఉమ్రా చేసి వచ్చిన వాళ్లని చూడటానికి వస్తే మన ఇళ్లలో ముందు అడిగే మాట ఒకటుండేది. "దువాలో మమ్మల్ని యాద్ చేశారా?" అని. ఈమధ్య దానికి ఇంకో సవాల్ తోడైంది. "దుబాయ్‌లో దిగారా? బుర్జ్ ఖలీఫా ఎక్కారా?"

నేను షాబాన్ నెలలో అమ్మీని తీసుకుని ఉమ్రాకి పోయొచ్చాను. వచ్చిన మొదటి వారం ఇంటి నిండా జనం. జమ్‌జమ్ తాగి, ఖజూర్ నోట్లో వేసుకుని, మదీనా గురించి రెండు మాటలు అడిగి, తర్వాత గంటసేపు దుబాయ్ గురించే అడిగారు. తప్పు వాళ్లది కాదు. ఫోన్ తీసి ఆ ఫొటోలు చూపించింది నేనే. కాబట్టి ఈ రాసేదంతా ఎవరినో అనడానికని అనుకోకండి. మొదటి ముల్జిమ్‌ని నేనే. కానీ ఈ బోనులో నేనొక్కణ్ణే లేను.

సంగతి చెబుతాను. మా గ్రూపు ప్యాకేజీ పదిహేను రోజులు. జిద్దా నుంచి తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో దిగి రెండు రాత్రులుండి, అక్కణ్ణుంచి హైదరాబాద్. "దుబాయ్ ఫ్రీ హాజీ సాబ్" అన్నాడు గ్రూపు లీడర్. ఫ్రీ ఏమీ కాదు. ట్రాన్సిట్ వీసా, హోటల్, సిటీ టూర్ బస్సు, అన్నీ మనం కట్టిన దాంట్లోనే ఉంటాయి. అయినా ఫ్రీ అనే మాట వింటే మన మొహాలు వెలుగుతాయి. తవాఫ్ చేసేటప్పుడు మోకాళ్లు నొప్పులని వీల్‌చైర్ అడిగిన పెద్దవాళ్లు కూడా దుబాయ్ మాల్‌లో నాలుగు గంటలు నడిచారు. నేను కళ్లారా చూశాను.

మా ఖాలా కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. పదకొండేళ్లుగా. ఏసీ డక్టులు బిగించే పని. పేరు రాయను, ఉద్యోగం ఉన్నవాడు. ఉండేది సోనాపూర్ లేబర్ క్యాంపులో. సోనాపూర్ అంటే బంగారు ఊరు. సర్కారు కాగితాల్లో ఆ ఇలాఖా పేరు ముహైస్నా. మేము దిగిన దేరా హోటల్‌కి అరగంట దారి. మా సిటీ టూర్ లిస్టులో ఆ పేరు లేదు. ఏ గ్రూపు లిస్టులోనూ ఉండదు.

నెల ముందు నుంచే వాడికి తెలుసు మేము వస్తున్నామని. సూపర్‌వైజర్‌ని బతిమాలి జుమా రోజు మధ్యాహ్నం నుంచి సెలవు తీసుకున్నాడు. సగం రోజు జీతం కోత. అసర్ తర్వాత హోటల్ దగ్గర కలుద్దామని మాట. కానీ ఆ రోజు గ్రూపంతా మాల్‌లో ఉండిపోయింది. "ఇంత దూరం వచ్చి ఫౌంటెన్ చూడకుండా పోతామా?" అన్నారు. సాయంత్రం దీపాలు పెట్టాక ఆ నీళ్లాట చూడాలని ఆగారు. నేను వాడికి ఫోన్ చేసి "కొంచెం లేటవుతుంది రా" అన్నాను. "ఆరామ్‌సే ఆవో భయ్యా" అన్నాడు. మేము హోటల్ చేరేసరికి ఇషా అయిపోయింది.

వాడు మెట్రో స్టేషన్ పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన తాళ్లతో బిగించిన కార్టన్ ఒకటి. పైన స్కెచ్ పెన్నుతో ఖాలా పేరు, ఊరి పేరు తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. హోటల్ లాబీలో ఎందుకు కూర్చోలేదంటే నవ్వాడు. పని బట్టల్లో లేడు. ఇస్త్రీ చొక్కాలోనే ఉన్నాడు. అయినా లోపలికి పోవడానికి వాడికి కాలు రాలేదు.

తెల్లవారి నాలుగున్నరకి వాళ్ల కంపెనీ బస్సు క్యాంపు గేటు దగ్గర ఉంటుంది. అందుకని ఎక్కువసేపు కూర్చోలేడు. పాతిక నిమిషాలు. అందులో పది నిమిషాలు అమ్మీ వాడి తల నిమురుతూ ఏడ్చింది. వాడు అమ్మీని అడిగిన మొదటి మాట ఇది: "కాబా నజర్ పడీతో క్యా హోతా ఖాలా?" కాబా కంటపడగానే ఎలా ఉంటుంది అని. దుబాయ్ నుంచి జిద్దా విమానంలో మూడు గంటలు. పదకొండేళ్లు ఆ మూడు గంటల దూరంలో ఉండి కూడా వాడు పోలేదు. సెలవు దొరికితే ఇంటికి పోవాలి, డబ్బు మిగిలితే ఇంటికి పంపాలి. చెల్లెలి నికా, ఇంటి స్లాబు, అబ్బా మందులు. ఆ అబ్బా పోయినప్పుడు కూడా వాడు రాలేకపోయాడు. జనాజాని వీడియో కాల్‌లో చూశాడు. అప్పుడు ఫోన్ పట్టుకుని నిలబడింది నేనే.

ఇక కార్టన్ సంగతి. తలకి ముప్ఫై కిలోల సామాను అనుమతి. నా సూట్‌కేసు అప్పటికే నిండిపోయింది. అజ్వా ఖజూర్, పంచిపెట్టడానికి ఇరవై జానమాజ్‌లు, అత్తర్లు. వీటికి తోడు ఆ రోజే దుబాయ్‌లో కొన్న చాక్లెట్లు, సెంటు సీసాలు, పిల్లలకి బొమ్మలు. గ్రూపు లీడర్ చిన్న కాటా తెచ్చి కార్టన్ తూచాడు. పద్నాలుగు కిలోలు. నేను నా సూట్‌కేసు తెరిచి చాక్లెట్లు తీసి పక్కన పెట్టొచ్చు. పెట్టలేదు. "ఆరు కిలోలైతే పడుతుంది రా" అన్నాను.

వాడు ఫుట్‌పాత్ మీదే తాళ్లు విప్పాడు. పాలపొడి డబ్బా ఉంచాడు, బాదం ఉంచాడు, మోకాళ్లకి రాసుకునే నూనె సీసాలు ఉంచాడు. పెద్ద కంబళి ఒకటి బయటికి తీసి చంకలో పెట్టుకున్నాడు. "నక్కో భయ్యా, రహెన్ దేవ్. అగ్లీ బార్ భేజూంగా" అన్నాడు. మళ్లీ పంపుతాలే అని. మేము మాల్ నుంచి తెచ్చుకున్న రంగురంగుల సంచులు ఆ పక్కనే ఉన్నాయి. వాడు వాటిని చూశాడు. ఏమీ అనలేదు.

ఇంతే జరిగింది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. కానీ నేనడిగేది ఇది. పదిహేను రోజులు అల్లాహ్ ఇంటి ముందు ఏడ్చి, గునాహ్‌లు మాఫ్ చేయించుకుని వచ్చామనుకున్న నలభై మందిలో ఒక్కరికి కూడా, నాతో సహా, ఆ కార్టన్ మొత్తం తీసుకోవాలని ఎందుకు తోచలేదు? గ్రూపులో ఎనిమిది మందికి ఎవరో ఒకరు ఆ ఊళ్లో పని చేస్తున్నారు. వాళ్లలో సగం మంది ఫోన్‌లోనే సలాం చెప్పించుకుని సరిపెట్టారు. ఎందుకంటే టైమ్ లేదు. గోల్డ్ సూక్‌కి టైమ్ ఉంది.

కొందరు భాయీలు అంటారు: "సైర్ చేస్తే గునాహా? హలాల్ కమాయీతో కొనుక్కుంటే నీకేంటి నొప్పి?" గునాహ్ అని నేననలేదు. షాపింగ్ హరామ్ అని ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. భూమి మీద తిరిగి చూడమని ఖురాన్ షరీఫే చెప్పింది. కానీ అక్కడ చూడమన్నది గాజు అద్దాల్ని కాదు. మునుపటి కౌములకి ఏం గతి పట్టిందో చూసి ఇబ్రత్ తెచ్చుకోమని. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా 2010 జనవరిలో తెరుచుకుంది. దాన్ని లేపిన చేతుల్లో ఎక్కువ మన దేశాల మజ్దూర్లవి. హిందుస్తాన్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్. మేడ చూసి మాషా అల్లాహ్ అనే నోటితో ఆ మజ్దూర్‌ని ఖైరియత్ అడగలేమా?

ఇంకొందరంటారు: "వాళ్లకేం, దుబాయ్‌లో సంపాదిస్తున్నారు, మనకంటే నయం." ఈ మాట అనేవాళ్లు ఒకసారి వాళ్లు అక్కడికెలా పోయారో కనుక్కోండి. మా ఖాలా కొడుకుని పంపిన ఏజెంట్ మా మొహల్లా మనిషే. లక్షా ఇరవై వేలు తీసుకున్నాడు. ఖాలా గాజులు తాకట్టు పెట్టింది. మన దేశ ఖానూన్ ప్రకారం లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంట్ సర్వీస్ చార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. అటు యూఏఈ ఖానూన్ ప్రకారమైతే రిక్రూట్‌మెంట్ ఖర్చు మజ్దూర్ మీద వేయకూడదు, కంపెనీయే పెట్టుకోవాలి. పాస్‌పోర్టు లాక్కుని దగ్గర పెట్టుకునే హఖ్ కూడా యజమానికి లేదు. ఉద్యోగం ఆఫర్ లెటర్ ఉర్దూలో కూడా అడిగి తీసుకోవచ్చు. మా వాడు ఉర్దూ చక్కగా చదువుతాడు. అలా అడగొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. అరబ్బీ, ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టేశాడు.

ఆ ఏజెంట్ ఇవాళ్టికీ జుమాకి మొదటి సఫ్‌లో కూర్చుంటాడు. ఇఫ్తార్ దావత్ ఇస్తే అందరం పోయి తింటాం. చెమట ఆరకముందే మజ్దూరీ ఇచ్చేయమన్న రసూలుల్లాహ్ (స) మాట మన మింబర్ల మీద ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. విన్న ప్రతిసారీ తలలూపాం. కానీ ఆ మజ్దూర్ చెమట పట్టకముందే, ఊరు దాటకముందే, వాడి రెండేళ్ల మజ్దూరీ తినేసే మనిషి మన పక్కనే కూర్చున్నాడని ఏ తఖ్రీర్‌లోనూ వినలేదు.

మస్జిద్ కమిటీలకి కూడా ఒక మాట. గల్ఫ్ నుంచి వచ్చిన చందాతో మన ఊళ్లలో మినార్లు లేచాయి, మార్బుల్ పరుచుకుంది, ఏసీలు వచ్చాయి. జజాకల్లాహ్. ఆ చందా ఇచ్చినవాళ్ల కోసం మస్జిద్ గోడ మీద ఒక చిన్న బోర్డు పెట్టండి. ఏజెంట్‌కి లైసెన్సుందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చని రాయండి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పనికి పోయేవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి అని రాయండి. రెండేళ్లకి ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకి 375. ప్రమాదంలో మౌత్ అయితే ఇంటివాళ్లకి 10 లక్షలు. విజిట్ వీసా మీద పంపిస్తే ఆ బీమా ఉండదు. అందుకే ఏజెంట్ ఆ సంగతి చెప్పడు. జీతం ఎగ్గొడితే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చని రాయండి. మయ్యత్‌ని ఇంటికి చేర్చే స్తోమత లేకపోతే ఎంబసీ దగ్గర సంక్షేమ నిధి ఉందని రాయండి. ఇది రాయడానికి ఒక అట్టముక్క, ఒక మార్కర్ పెన్ను చాలు.

ఇక ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. కడప, రాయచోటి వైపు ఇళ్లలో పనికి కువైట్ పోయిన అమ్మీలు, ఆపాలు ఎంతమందో మీకు చెప్పనక్కర్లేదు. ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్లకి ముప్ఫై ఏళ్లు దాటకుండా ఆ దేశాలకి పని మీద పోయే అనుమతి ఇవ్వరు. కాబట్టి ఏజెంట్లు విజిట్ వీసా అంటారు, వయసు మార్చిన కాగితం అంటారు. అలా పోయిన ఆడకూతురు ఏ ఎంబసీ గుమ్మం ఎక్కాలన్నా భయపడుతుంది. కువైట్‌లోనో మస్కట్‌లోనో విమానం మారేటప్పుడు మనం కనీసం ఒక ఫోన్ చేసి "బెహెన్, ఎట్లున్నావు? పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా?" అని అడిగామా? మన ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అక్కడ బంగారం రేటెంత?"

మా గ్రూపుతో ఉన్న మౌల్వీ సాబ్ మంచి ఆలిమ్. హోటల్‌లో దిగగానే అందరికీ మసలా చెప్పారు. పదిహేను రోజుల కంటే తక్కువ ఉండే నియ్యత్ ఉంది కాబట్టి మనం ముసాఫిర్లం, జొహర్, అసర్, ఇషా నమాజుల్లో ఫర్జ్ రెండేసి రకాతులే అని. వాడితో ఉన్న ఆ పాతిక నిమిషాల్లో మౌల్వీ సాబ్ కూడా కిందికి దిగారు. వాడు అదబ్‌గా సలాం చేసి అడిగాడు: "హజ్రత్, మేం ముసాఫిర్లమా, ముఖీమ్‌లమా?" కంపెనీ గది ఇచ్చింది, వీసా రెండేళ్లు ఉంది, కాబట్టి నువ్వు ముఖీమ్‌వి, నాలుగు రకాతులూ పూర్తిగా చదవాలి అన్నారు ఆయన. మసలా సహీ. నాకు దాంట్లో షక్ లేదు.

కానీ ఆ జవాబు నన్ను ఇంటిదాకా వదల్లేదు. షరియత్ వాణ్ణి ఆ ఊరి ముఖీమ్ అంటుంది. ఆ ఊరు మాత్రం వాణ్ణి తనవాడనుకోదు. పని పోతే వీసా పోతుంది, వీసా పోతే ఊరు పోతుంది. ఇటు సొంత ఊళ్లో వాడు రెండేళ్లకోసారి నలభై రోజులకి వచ్చే మెహమాన్. వచ్చినప్పుడు మనం చూసేది వాడి మొహం కాదు, వాడి సూట్‌కేసు. "ఏం తెచ్చావురా?" తెస్తే షహన్షా, తేకపోతే "అక్కడ ఏం చేస్తున్నాడో" అని గుసగుసలు. సూరే తౌబాలో జకాత్ హఖ్‌దారుల్ని ఎనిమిది రకాలుగా చెప్పాడు అల్లాహ్. అందులో అప్పుల్లో ఉన్నవాళ్లున్నారు, ముసాఫిర్లున్నారు. ఏజెంట్‌కి అప్పు కట్టుకుంటూ జీతం ఆగిపోయి, టికెట్ డబ్బుల్లేక క్యాంపులో చిక్కుకున్న మన పిల్లల్ని ఆ లెక్కలో చూడొచ్చా అని మీ మీ ఆలిమ్‌లని అడగండి. నేను మసలా చెప్పడం లేదు. అడగమంటున్నాను. రంజాన్‌లో మనం పంచే జకాత్ చీరల్లో సగం డబ్బుకి ఒకడి టికెట్ వస్తుంది.

గ్రూపు నడిపేవాళ్లూ, ప్యాకేజీ కట్టేవాళ్లూ, ఇద్దరికీ చెబుతున్నాను. దుబాయ్‌లోనో దోహాలోనో దిగాలంటే దిగండి. కానీ కొన్ని షరతులు పెట్టుకుందాం. ఒకటి, ఆ స్టాపోవర్‌లో ఒక పూట మన మనుషులకి రాసిపెట్టాలి. టూర్ లిస్టులో అది కూడా ఒక ఐటమ్‌గా ఉండాలి. హోటల్ హాల్‌లో చాయ్, సమోసా పెట్టి వాళ్లనే పిలవండి. వాళ్లని ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టకండి. రెండు, మనిషికి ఐదు కిలోల జాగా ఖాళీగా ఉంచుకోవాలి. నలభై మంది గ్రూపైతే రెండొందల కిలోలు. కార్టన్ మాత్రం కళ్ల ముందు విప్పి చూసుకున్నాకే తీసుకోండి. తెలియని పొట్లాలు మోస్తే జైలుకి పోతాం, ఆ జాగ్రత్త వాళ్లకీ తెలుసు. మూడు, ఇచ్చిపోండి. జమ్‌జమ్ ఒక సీసా, మదీనా ఖజూర్ గుప్పెడు. మనం హరమ్ నుంచి వస్తున్నాం. వాళ్లు అక్కడికి మూడు గంటల దూరంలో ఉండి పోలేకపోతున్నారు. నాలుగు, ఖైరియత్ అంటే పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, జీతం నెలనెలా బ్యాంకులో పడుతోందా, ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపుతున్నారా అని అడగడం. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని ఖానూన్ ఉంది. మన పిల్లలు అమ్మకి చెప్పరు, బీవీకి చెప్పరు. ఎదురుగా కూర్చుని భుజం మీద చెయ్యేసి అడిగితే చెబుతారు.

ఇదంతా చదివి "ఉమ్రా చేసొచ్చినవాణ్ణి కూడా వదల్లేదు ఈ అఖ్బార్‌వాలా" అనుకునేవాళ్లుంటారు. అనుకోండి. ఉమ్రా కబూల్ అయిందో లేదో అల్లాహ్‌కి తెలుసు. మనకి తెలిసేది మనలో ఏమైనా మారిందా అన్నది ఒక్కటే. నాలో ఏం మారలేదని దేరాలో ఆ కాటా ముందు తెలిసింది.

ఊరికి వచ్చిన మర్నాడు ఆ ఆరు కిలోలు పట్టుకుని ఖాలా ఇంటికి పోయాను. ఆమె ఒక్కొక్కటీ తీసి కళ్లకద్దుకుంది. నూనె సీసాలు, బాదం, పాలపొడి. తర్వాత సంచి అడుగున చెయ్యి పెట్టి వెతికింది. "కంబళీ కాఁ హై బేటా?" అంది. కొన్నానని వాడు ఫోన్‌లో చెప్పాడట. చలికి మోకాళ్లు పట్టేస్తున్నాయని ఈమె చెప్పినందుకు కొన్నాడట.

"వెనక వస్తోంది ఖాలా" అన్నాను. మక్కా నుంచి వచ్చి వారం కూడా కాలేదు, అబద్ధం చెప్పాను. చాక్లెట్లు అప్పటికి పిల్లలు తినేశారు.

కంబళి సోనాపూర్‌లోనే ఉంది. వచ్చే నెల మీలో ఎవరైనా ఉమ్రా చేసి దుబాయ్ మీదుగా వస్తుంటే, రెండు మూడు కిలోల జాగా ఉంటే, నాకు కబురు చేయండి. వాడు ఎక్కడికి రమ్మంటే అక్కడికి తెచ్చిస్తాడు. కాకపోతే చెప్పిన టైమ్‌కి మీరు అక్కడ ఉండండి.